ఎంబీఆర్ మెంబ్రేన్ మూసుకుపోతే శుభ్రం చేసుకోవడం ఎలా?

“పర్మియేట్ పంపు నడుస్తూనే ఉంది గానీ నీళ్లు సగానికి పడిపోయాయి. మెంబ్రేన్ పోయింది, మార్చాలంటున్నారు. నిజంగా మార్చాల్సిందేనా?” అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులూ, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్లూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎంబీఆర్ అంటే మురుగును బ్యాక్టీరియాతో శుద్ధి చేసి, సన్నటి రంధ్రాలున్న పొర (మెంబ్రేన్) గుండా నీటిని లాగే పద్ధతి. అలా వడకట్టి వచ్చిన నీరే పర్మియేట్. నేను చూసినంతవరకు ఇలా అడిగినవారిలో చాలామందికి కొత్త మెంబ్రేన్ కొనాల్సిన అవసరం రాలేదు. కొందరికి పద్ధతి ప్రకారం చేసిన ఒక్క క్లీనింగ్ సరిపోయింది. మరికొందరికి అది కూడా అక్కర్లేకపోయింది, ఎందుకంటే లోపం మెంబ్రేన్‌లో లేదు, దాని కిందనుంచి రావాల్సిన గాలిలోనో, దాని చుట్టూ ఉన్న స్లడ్జ్‌లోనో (బ్యాక్టీరియాతో నిండిన చిక్కటి మురుగులోనో) ఉంది.

ఇక్కడ చెప్పేదంతా ట్యాంకులో మునిగి ఉండే, పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎంబీఆర్ మెంబ్రేన్లకు వర్తిస్తుంది. ఇవి రెండు రకాలు: సేమ్యా పోగుల్లా వేలాడే హాలో ఫైబర్, పలకలు పక్కపక్కన నిలబెట్టినట్టుండే ఫ్లాట్ షీట్. వీటి రంధ్రాలు సాధారణంగా 0.03 నుంచి 0.4 మైక్రాన్ల మధ్య ఉంటాయి. ఆర్‌ఓ మెంబ్రేన్‌కు ఈ పద్ధతిని వాడకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆర్‌ఓ పొరలు చాలావరకు క్లోరిన్ తగిలితే పాడైపోతాయి.

ముందుగా లోపం ఎక్కడుందో తేల్చుకోండి

మెంబ్రేన్ ఎంత మూసుకుపోయిందో చెప్పే అంకె టీఎంపీ, అంటే పొరకు ఇటువైపూ అటువైపూ ఉన్న ఒత్తిడుల తేడా. పర్మియేట్ పంపు సక్షన్ లైనులో ఉండే వాక్యూమ్ గేజ్ నుంచి దీన్ని లెక్కకట్టాలి. మన దగ్గర ఈ గేజ్‌లు ఎక్కువగా పాదరసం మిల్లీమీటర్లలో ఉంటాయి కాబట్టి 75 మిల్లీమీటర్లు సుమారు 0.1 బార్ అని గుర్తుపెట్టుకోండి. గేజ్ ట్యాంకులోని నీటిమట్టం కన్నా మీటరు ఎత్తులో బిగించి ఉంటే, పంపు ఆపి ఉన్నా, లైను నీటితో నిండి ఉన్నంతసేపు అది 70 మిల్లీమీటర్లకు పైగా చూపిస్తూనే ఉంటుంది. అందువల్ల పంపు ఆగి ఉన్నప్పటి అంకెను, నడుస్తున్నప్పటి అంకెలోంచి తీసేయాలి. మిగిలినదే అసలు టీఎంపీ. ఈ తీసివేత చేయకపోవడం వల్ల బాగున్న మెంబ్రేన్‌ను కూడా మూసుకుపోయిందని అనుకున్నవారిని నేను చూశాను.

తరువాత పర్మియబిలిటీ, అంటే ఒక బార్ టీఎంపీకి చదరపు మీటరు పొర గంటకు ఎన్ని లీటర్లు వదులుతుందో లెక్కకట్టండి. ఉదాహరణకు మీ మెంబ్రేన్ మొత్తం వైశాల్యం 333 చదరపు మీటర్లు, పంపు గంటకు 5,000 లీటర్లు తీస్తోంది అనుకుందాం. అప్పుడు చదరపు మీటరుకు గంటకు 15 లీటర్లు వస్తున్నట్టు. టీఎంపీ 0.1 బార్ అయితే 15ను 0.1తో భాగించగా 150 వస్తుంది. అదే 15 లీటర్లకు టీఎంపీ 0.3 బార్ అయితే పర్మియబిలిటీ 50 మాత్రమే. ఒక్క టీఎంపీనో ఒక్క ప్రవాహాన్నో చూసి తీర్పు చెప్పకూడదు, ఈ భాగహారంలో రెండూ కలిసి ఉంటాయి.

ఇప్పుడు టీఎంపీ ఎలా పెరిగిందో చూడండి. నెలల తరబడి నెమ్మదిగా పెరిగితే రంధ్రాల లోపల పేరుకున్నట్టు, దానికి రసాయన క్లీనింగ్ అవసరం. రెండు మూడు రోజుల్లో, లేదా గంటల్లో పెరిగితే మాత్రం హైపో (క్లోరిన్ ద్రావణం) డబ్బా జోలికి వెళ్లకండి. అది దాదాపు ఎప్పుడూ గాలి, స్లడ్జ్, జల్లెడ ఈ మూడింటిలో ఒకదాని సమస్యే. తేల్చుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పర్మియేట్ పంపు ఆపి, గాలి పంపే బ్లోయర్‌ను మాత్రం మూడు నాలుగు గంటలు నడపండి. తిరిగి మొదలుపెట్టాక టీఎంపీ బాగా దిగితే పైన అంటుకున్న పొర గాలికి ఊడుతోందని అర్థం. ఏమాత్రం దిగకపోతే లోపల మూసుకుపోయిందని అర్థం.

ఆ తరువాత వరుసగా ఇవి చూడండి.

గాలి: మెంబ్రేన్ ట్యాంకు ఉపరితలమంతా సమానంగా మరుగుతున్నట్టు ఉండాలి. ఒక మూల నిశ్చలంగా ఉంటే ఆ మూలన గాలి వదిలే డిఫ్యూజర్ గొట్టపు రంధ్రాలు పూడుకున్నట్టే. హైదరాబాద్‌లో ఒక ప్లాంటుకు నన్ను పిలిచేనాటికి నెలలో మూడుసార్లు హైపోతో కడిగి ఉన్నారు, అయినా నీళ్లు పెరగలేదు. మాడ్యూల్ (మెంబ్రేన్లు బిగించిన చట్రం) పైకి ఎత్తి చూస్తే ఒక సగం ఫైబర్లు తెల్లగా విడివిడిగా ఉన్నాయి. రెండో సగంలో పోగుల మధ్య స్లడ్జ్ ఒండ్రుమట్టిలా గట్టిపడి, వేలితో నొక్కితే అచ్చు పడేలా ఉంది. దాని కింది డిఫ్యూజర్ గొట్టంలో తొమ్మిది రంధ్రాలకు ఏడు మూసుకుపోయి ఉన్నాయి. హైపో ఎంత పోసినా ఆ ముద్ద లోపలికి చేరే దారే లేదు.

జల్లెడ: హాలో ఫైబర్‌కు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, ఫ్లాట్ షీట్‌కు 3 మిల్లీమీటర్ల లోపు సన్న జల్లెడ తప్పనిసరి. అది నిండినప్పుడల్లా బైపాస్ తెరిచే అలవాటు ఉంటే, తలవెంట్రుకలూ తడి వైప్‌ల పోగులూ ఫైబర్ల చుట్టూ జడలా పేనుకుంటాయి. వాటిని ఏ రసాయనమూ కరిగించదు, చేత్తో తీయాల్సిందే.

స్లడ్జ్: ఎంబీఆర్‌లో ఎంఎల్‌ఎస్‌ఎస్ (నీటిలో తేలే స్లడ్జ్ మోతాదు) లీటరుకు 8,000 నుంచి 12,000 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది. 15,000 దాటితే గాలి సరిగ్గా కలవదు, 4,000 కన్నా తగ్గినా పొర త్వరగా మూసుకుపోతుంది. స్లడ్జ్ ఎలా వడకడుతుందో చూడటానికి 50 మిల్లీలీటర్లను మడిచిన ఫిల్టర్ కాగితంలో పోసి 5 నిమిషాలు ఆగండి. 10 మిల్లీలీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ నీరు దిగితే బాగున్నట్టు, 5 కన్నా తక్కువైతే ముందు స్లడ్జ్‌ను బాగుచేసుకోవాలి. నురుగును అణచడానికి సిలికాన్ ఉన్న మందు వాడారా, స్లడ్జ్ ఆరబెట్టేటప్పుడు కలిపే పాలీమర్ ఎక్కువై ఆ నీరు తిరిగి ట్యాంకులోకి వస్తోందా అని కూడా ఆపరేటర్‌ను అడగండి. రెండూ మెంబ్రేన్‌కు బంకలా పట్టేస్తాయి. పిండివంటల రోజుల తరువాత నూనె, జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ చూడటం మరవకండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పర్మియబిలిటీ మొదట్లో ఉన్నదాంట్లో సగానికి పడిపోతే అప్పుడు క్లీనింగ్‌కు సిద్ధం కండి.

కావలసినవి

సోడియం హైపోక్లోరైట్, అంటే మనం హైపో అని పిలిచేది. సిట్రిక్ యాసిడ్, అంటే వంటింట్లో నిమ్మ ఉప్పు, అయితే ఇక్కడ కిలోల్లో కావాలి. మిగిలిపోయిన క్లోరిన్‌ను చంపడానికి సోడియం థయోసల్ఫేట్. యాసిడ్‌ను తటస్థం చేయడానికి వంట సోడా. పీహెచ్ కాగితాలు, క్లోరిన్ కిట్, వాక్యూమ్ గేజ్, చైన్ పుల్లీ, మాడ్యూల్ మునిగేంత ప్లాస్టిక్ లేదా ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) ట్యాంకు, తడిపిన గోనెపట్టాలు. మనుషులకు రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు, యాప్రాన్, క్లోరిన్ వాయువును ఆపగల కార్ట్రిడ్జ్ మాస్కు. ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపే గ్యాస్ మీటరు. తయారీ సంస్థ ఇచ్చిన మాన్యువల్ కూడా దగ్గర ఉండాలి. నేను ఇచ్చే మోతాదులకూ మాన్యువల్‌కూ తేడా ఉంటే మాన్యువల్‌నే పాటించండి.

ప్రాణాలకు సంబంధించిన రెండు హెచ్చరికలు

హైపో, యాసిడ్ ఎప్పుడూ కలవకూడదు. ఒకే బకెట్టులో, ఒకే గొట్టంలో, ఒకే కాలువలో కూడా కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి, మన ఎస్‌టీపీలు ఎక్కువగా ఉండే సెల్లార్లలో నేలబారునే నిలిచిపోతుంది. రెండు డబ్బాలను ఒకే గదిలో పక్కపక్కన పెట్టవద్దు, వీలైతే రెండు క్లీనింగులను వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి.

ఖాళీ చేసిన ట్యాంకులోకి మనిషిని దించవద్దు. అడుగున మిగిలిన స్లడ్జ్‌ను కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి లేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే తెలిసిపోతుందని ధీమా పడకండి, మోతాదు 100 పీపీఎం చేరేసరికి ముక్కు ఆ వాసన పసిగట్టడం మానేస్తుంది. పని ఏదైనా మాడ్యూల్‌ను పైకి ఎత్తి, బయట చేయండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఎస్‌టీపీ ట్యాంకులో ప్రమాదం వాటికి ఏమాత్రం తీసిపోదు. దిగక తప్పని మరమ్మతు అయితే, గ్యాస్ మీటరు, గాలి పంపే ఫ్యాను, నడుముకు తాడు, పైన కాపలా మనిషి ఉన్న శిక్షణ పొందిన బృందాన్ని పిలవండి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువ ఉంటే ఎవరూ దిగకూడదు.

చేయాల్సిన పద్ధతి

1. రోజు ఎంచుకోండి. వచ్చే మురుగు తక్కువగా ఉన్న రోజు కావాలి. హైదరాబాద్‌లో అయితే సంక్రాంతికి సగం కాపురాలు ఊళ్లకు వెళ్లిన మూడు నాలుగు రోజులను మించిన అదను లేదు. క్లీనింగ్ సాగినంతసేపు ఈక్వలైజేషన్ ట్యాంకులో (మురుగు ముందుగా వచ్చి నిలిచే ట్యాంకు) ఎంత నీరు పడుతుందో ముందే లెక్కవేసుకోండి.

2. క్లీనింగ్‌కు ముందున్న ప్రవాహం, టీఎంపీ, నీటి ఉష్ణోగ్రత మూడూ పుస్తకంలో రాయండి. ఇవి లేకపోతే రేపు ఫలితాన్ని దేనితో పోల్చాలో మీకే తెలియదు.

3. హైపో బలం కొలవండి. డబ్బా మీద 10 శాతం అని ఉన్నా, మన ఎండల్లో అది కొన్ని వారాల్లోనే బాగా తగ్గిపోతుంది. 10 లీటర్ల ఆర్‌ఓ నీళ్లలో 1 మిల్లీలీటరు హైపో కలపండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మరిన్ని ఆర్‌ఓ నీళ్లతో లీటరు చేయండి. దాన్ని క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము వస్తే మీ హైపో సుమారు 10 శాతం, 0.6 వస్తే 6 శాతం. సిరంజితో కొలిస్తే తప్పు తగ్గుతుంది.

4. మాడ్యూల్‌ను చైన్ పుల్లీతో మెల్లగా ఎత్తి, మామూలు తోట పైపుతో, తక్కువ ఒత్తిడితో పైనుంచి కిందికి కడగండి. కార్లు కడిగే ప్రెషర్ జెట్ వాడితే ఫైబర్ పొర చీలిపోతుంది. పేనుకున్న వెంట్రుకలను చేత్తో విడదీయండి, కత్తెర పెట్టవద్దు. పలకల మధ్య ఇరుక్కున్న ముద్దను తీయడానికి ఇనుప వస్తువు వాడవద్దు. ఈ పని జరుగుతున్నంతసేపు మెంబ్రేన్ ఆరిపోకుండా తడి గోనెపట్టా కప్పి, నీళ్లు చల్లుతూ ఉండండి. ఒకసారి పూర్తిగా ఆరిన పొర తిరిగి అదే తీరున నీటిని పీల్చదు. మధ్యాహ్నపు ఎండలో మాడ్యూల్‌ను వదిలేసి భోజనానికి వెళ్లడం వల్ల పాడైన మెంబ్రేన్లు ఉన్నాయి.

5. ఇదే అదనుగా డిఫ్యూజర్ గొట్టాలను కూడా విప్పి శుభ్రం చేయండి.

6. ట్యాంకులో శుభ్రమైన నీరు నింపి హైపో కలపండి. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల క్లోరిన్ సరిపోతుంది, బాగా మూసుకుపోతే 2,000 వరకు వెళ్లవచ్చు. 2,000 లీటర్ల నీటికి 1,000 చొప్పున కావాలంటే 10 శాతం హైపో 20 లీటర్లు, బలం 6 శాతమే ఉంటే 33 లీటర్లు పడుతుంది. పీహెచ్ 10.5 దాటకుండా చూసుకోండి. మాడ్యూల్‌ను ముంచి 6 నుంచి 12 గంటలు ఉంచండి, మధ్యమధ్యలో నాలుగైదు నిమిషాలు గాలి వదలండి. గంట తరువాత ఒకసారి క్లోరిన్ కొలవండి. బాగా పడిపోయి ఉంటే మురికి దాన్ని తినేసిందని అర్థం, అప్పుడు తగ్గినంత మళ్లీ కలపాలి.

7. నీరు మార్చి, మాడ్యూల్‌ను కనీసం రెండుసార్లు శుభ్రమైన నీటిలో ముంచి తీయండి. గొట్టాల్లో మిగిలినది కూడా పోవాలి కాబట్టి పర్మియేట్ లైను నుంచి కూడా నీరు లాగి పారబోయండి. ఆ నీటిలో కిట్ క్లోరిన్ చూపిస్తున్నంతసేపు తరువాతి మెట్టుకు వెళ్లవద్దు. అన్నిటిలోకీ ఇదే ముఖ్యమైన మెట్టు.

8. వేరే శుభ్రమైన నీటిలో సిట్రిక్ యాసిడ్ కలపండి. అర శాతం నుంచి ఒక శాతం, అంటే 2,000 లీటర్లకు 10 నుంచి 20 కిలోలు. పీహెచ్ 2 కన్నా కిందికి పోకుండా, 3 దాటకుండా ఉంచి, 4 నుంచి 6 గంటలు నానబెట్టండి. బోరు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ మెట్టు వదలకూడదు. మన రాతి నేలల్లో చాలాచోట్ల నీళ్లు గట్టినీళ్లు. ఆ సున్నం పొర మీద పేరుకుంటుంది, క్షారగుణం ఉన్న హైపోతో అది కరగదు సరికదా ఇంకా గట్టిపడుతుంది. ఫైబర్ మీద గరుకుగా తగిలే తెల్లటి పొర మీద సిట్రిక్ నీటి చుక్క వేస్తే బుడగలు వస్తే సున్నమే. అంత స్పష్టంగా సున్నం కనిపిస్తే, తయారీదారును అడిగి, యాసిడ్‌ను ముందు, హైపోను తరువాత పెట్టుకోవచ్చు. క్రమం ఏదైనా, మధ్యలో కడగడం మాత్రం అంతే శ్రద్ధగా జరగాలి.

9. వాడిన ద్రావణాలను విడివిడిగా తటస్థం చేయండి. హైపో నీటిలో థయోసల్ఫేట్ కొద్దికొద్దిగా కలుపుతూ కిట్ సున్నా చూపేవరకు ఆగండి. సిట్రిక్ నీటిలో సోడాను మెల్లగా కలుపుతూ పీహెచ్‌ను 6.5, 8 మధ్యకు తెండి. నురుగు ఎక్కువగా పొంగుతుంది కాబట్టి తొందరపడవద్దు. రెండింటినీ ఒకేసారి కాకుండా, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా ఈక్వలైజేషన్ ట్యాంకులోకి వదలండి.

10. మాడ్యూల్‌ను తిరిగి దించి, ముందు అరగంట గాలి మాత్రమే నడపండి. తరువాత మామూలు ప్రవాహంలో సగంతో మొదలుపెట్టి, రోజంతా తీసుకుని పూర్తిస్థాయికి పెంచండి. మొదటి గంట పర్మియేట్‌ను ఫ్లష్ ట్యాంకుకు పంపకుండా వెనక్కి మళ్లించండి.

మాడ్యూల్ ఎత్తే వసతి లేకపోతే, మెంబ్రేన్ ట్యాంకులోని స్లడ్జ్‌ను ఏరేషన్ (గాలి పట్టించే) ట్యాంకులోకి పంపు చేసి, అదే ట్యాంకులో నానబెట్టవచ్చు. నీరు, రసాయనం ఎక్కువ పడతాయి. స్లడ్జ్ ఉండగానే ఎక్కువ హైపో పోస్తే మాత్రం పొర శుభ్రం కాకపోగా, మీరు నెలల తరబడి పెంచుకున్న బ్యాక్టీరియా చనిపోతుంది.

వారానికోసారి లోపలినుంచి లీటరుకు 300 నుంచి 500 మిల్లీగ్రాముల హైపో పంపే చిన్న క్లీనింగ్ చేస్తుంటే, ఈ పెద్ద క్లీనింగ్ ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం పడదు. హాలో ఫైబర్‌లోకి పంపుతో పంపవచ్చు. ఫ్లాట్ షీట్‌లోకి మాత్రం పంపుతో నెట్టవద్దు, అతుకులు ఊడిపోతాయి. నీటిమట్టానికి మీటరు లోపు ఎత్తులో చిన్న డ్రమ్ము పెట్టి, తనంతట తానే దిగనివ్వండి.

తరచూ జరిగే తప్పులు

వాటిలో అన్నిటికన్నా నష్టం చేసేది, నీళ్లు తగ్గగానే పంపు వేగం పెంచడం. అలా చేస్తే స్లడ్జ్ మరింత గట్టిగా పొరలోకి లాగబడుతుంది. పది నిమిషాల్లో ఎనిమిది తొమ్మిది నిమిషాలు లాగి ఒకటి రెండు నిమిషాలు ఆగే విరామాన్ని, నీళ్లు చాలడం లేదని టైమర్‌లో తీసేసేవారు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. కరెంటు ఖర్చుకు వెరచి రాత్రి బ్లోయర్ ఆపి, పర్మియేట్ పంపును మాత్రం నడపడం ఇంకొకటి. గాలి లేనిదే చుక్క నీరు కూడా లాగకూడదు. బ్లోయర్ ఆగితే పంపు కూడా ఆగేలా రెండింటినీ ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ చేయించండి.

మరుగుదొడ్డి కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను సిట్రిక్ బదులు వాడటం కూడా చూశాను. దాని పీహెచ్‌ను అదుపులో పెట్టడం కష్టం, పొరపాటున హైపో తగిలితే ప్రమాదం కూడా ఇంకా తీవ్రం. వద్దు.

ఫలితం చూసుకోవడం

మరుసటి రోజు అదే ప్రవాహంలో టీఎంపీ చదివి పర్మియబిలిటీ మళ్లీ లెక్కకట్టండి. కొత్తలో ఉన్నదాంట్లో 80 శాతం దాకా తిరిగి వస్తే క్లీనింగ్ ఫలించినట్టే. పోల్చేటప్పుడు ఉష్ణోగ్రతను మరవకండి. 22 డిగ్రీల నీటికన్నా 32 డిగ్రీల నీరు పలచన, అందువల్ల ఏమీ చేయకుండానే మేలో పర్మియబిలిటీ జనవరి కన్నా నాలుగో వంతు ఎక్కువ కనిపించవచ్చు. వారం తరువాత ఇంకోసారి చూడండి. మొదటిరోజు బాగుండి వారంలో మళ్లీ పడిపోతే, మీరు కడిగింది పొరను, అసలు కారణం గాలిలోనో స్లడ్జ్‌లోనో అలాగే ఉంది.

పర్మియేట్‌ను గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టండి. టర్బిడిటీ (మసకదనం) మీటరు ఉంటే 1 ఎన్‌టీయూ కన్నా తక్కువ రావాలి. క్లీనింగ్ తరువాత నీరు మసకగా వస్తే ఎక్కడో ఫైబర్ తెగినట్టు. మాడ్యూల్‌ను శుభ్రమైన నీటిలో ముంచి, మాన్యువల్‌లో చెప్పిన స్వల్ప ఒత్తిడితో లోపలికి గాలి పంపితే తెగినచోట బుడగల ధార కనిపిస్తుంది. ఆ ఒక్క ఫైబర్‌ను తయారీదారు చెప్పిన జిగురుతోనో పిన్నుతోనో మూసేయవచ్చు. ఒకటి రెండు ఫైబర్లు పోయినంత మాత్రాన మాడ్యూల్ మార్చనక్కర్లేదు.

గాలి, జల్లెడ, స్లడ్జ్ సరిగ్గా ఉండి, రెండు రసాయనాలతోనూ పద్ధతిగా కడిగినా పర్మియబిలిటీ సగానికి కూడా చేరకపోతేనో, ప్రతిసారీ కొత్తచోట ఫైబర్లు తెగుతుంటేనో మెంబ్రేన్ మార్చే మాట ఆలోచించాలి. అప్పుడు కూడా కొటేషన్ ఇచ్చేవారి ముందు క్లీనింగ్‌కు ముందూ తరువాతా ఉన్న ప్రవాహం, టీఎంపీ, ఉష్ణోగ్రత అంకెలు పెట్టి, పాత మెంబ్రేన్ ఎందుకు తేరుకోలేదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.